గిన్నె మీది పేరు

10 అక్టోబరు 1996, గురువారం

పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి మినప్పప్పు నురగ కట్టి ఉంది. నిన్న ఉదయం వదిన నానబోసింది. సాయంత్రం రుబ్బాల్సింది. నీళ్ళ మీదికి బుడగలు వచ్చి ఒక్కొక్కటే పగులుతున్నాయి. పారబోయాలో వద్దో తెలియక, మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోశాను.

వదిన, అమ్ము నిన్నటి నుంచి లేరు.

వరుసగా రాస్తాను. రాస్తే అర్థమవుతుందేమో. నిన్న ఏడింటికి అన్నయ్య డ్యూటీకి వెళ్ళాడు. వదిన అమ్ముకి పాలు పట్టింది, పప్పు నానబోసింది. నేను నా గదిలో, ఊరినుంచి ఈ దోహాకి తెచ్చుకున్న పుస్తకాలు చదువుకుంటున్నాను. ఒంటిగంటకి అన్నయ్య భోజనానికి వచ్చాడు. ఇద్దరూ లేరు. "బిల్కిస్ వాళ్ళింట్లో ఉండుంటారు" అన్నాడు. తనే వడ్డించుకు తిని, కాసేపు పడుకుని, మూడున్నరకి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఏడింటికి తిరిగి వచ్చి "ఇంకా రాలేదా?" అన్నాడు. అప్పుడు పక్క వాటాకి వెళ్ళి అడిగాను. బిల్కిస్ ఆపా పొద్దుట్నుంచీ వాళ్ళని చూడనే లేదంది.

వెళ్తున్నానని వదిన నాతో ఏమీ అనలేదు.

బీరువాలో వదిన పాస్‌పోర్టు లేదు. అమ్ముకి మూడేళ్ళే కాబట్టి దానికి వేరే పాస్‌పోర్టు లేదు, తల్లి దాంట్లోనే పేరు ఎక్కించారు. బట్టలు మాత్రం ఉన్నాయి. చీరలన్నీ లెక్కపెట్టాను. ఇదివరకు ఎన్ని ఉండేవో తెలియదు కాబట్టి ఆ లెక్క వల్ల ఏమీ తేలలేదు.


11 అక్టోబరు, శుక్రవారం

పోలీసులు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇమ్మన్నారట. ఇంగ్లీషులో ఇస్తే వాళ్ళు అరబ్బీలోకి మార్పించుకుంటారు. "నీది కాన్వెంటు ఇంగ్లీషు, నువ్వే రాయి" అని అన్నయ్య తెల్లకాగితాలు తెచ్చి ముందు పెట్టాడు.

అన్నయ్య చెప్తుంటే రాశాను. పేరు, వయసు ఇరవై ఎనిమిది, ఎత్తు, రంగు. కట్టుకున్న చీర ఏదని అడిగాడు. ఆకుపచ్చది అన్నాను. తర్వాత చూస్తే ఆకుపచ్చది దండెం మీదే ఉంది. ఎర్రదేమో. మళ్ళీ రాశాను.

"ఈమధ్య మానసికంగా బలహీనంగా ఉంటోంది అని ఒక వాక్యం పెట్టు" అన్నాడు.

"వదినకి అలాంటిదేం లేదుగా అన్నయ్యా."

"అలా రాస్తే తొందరగా వెతుకుతారే. రాయి."

రాశాను.

అన్నయ్యకి కంపెనీలో డ్రాయింగులు సరిచూసే పని. మిల్లీమీటరు తేడా ఉన్నా పట్టుకుంటాడు. నేను రాసింది మూడుసార్లు చదివాడు. ఒక కామా తీసేయించాడు. ఆపా భర్త ఫరీద్ భాయ్‌ని తోడు తీసుకుని వెళ్ళాడు, అతనికి అరబ్బీ వచ్చు.

మంగళవారం నాటి మాటలు ఫిర్యాదులో రాయమనలేదు. నేనూ అడగలేదు. మామూలు మాటలే. ఒక ప్లేటు పగిలింది.


12 అక్టోబరు

రాలేదు.


14 అక్టోబరు, సోమవారం

పదకొండింటికి బిల్కిస్ ఆపా గిన్నెతో అన్నం, ఖట్టీ దాల్ తెచ్చింది. ఆపాది బోధన్. మా వాటాకీ వాళ్ళ వాటాకీ మధ్య ఒకటే గోడ. ఘర్రాఫా పేటలో వాటాలు చేసి అద్దెకిచ్చిన ఈ విల్లాలో తెలుగు మాట్లాడేవాళ్ళం ఈ రెండిళ్ళ వాళ్ళమే.

"తిన్నవా బిడ్డా? అద్దంల జూసుకున్నవా మొఖం? ఎండిన బెండకాయ లెక్కయింది."

తినాలని లేదన్నాను. కూర్చుని తను కలిపి పెట్టింది. పెడుతూనే అడిగింది.

"ఒక మాట అడుగుత, తప్పు వట్టకు. బుధవారం పొద్దుగాల మీ అన్న ఇంటికొచ్చిండా?"

"లేదు ఆపా. ఒంటిగంటకే వచ్చాడు."

"పదిన్నరకు బట్టలారేస్తున్న. మీ గేటు కాడ తెల్ల కరోలా ఆగింది."

"అన్నయ్యదేనా?"

"నంబరు జూడలే. ఈ దోహాల తెల్ల కరోలా లేనోడు మా ఆయనొక్కడే. ఆయన నడిపేది పనిచ్చిన అర్బాబ్ బండి, ఆయనకున్నది చెప్పులు."

నవ్వు వచ్చింది. వచ్చినందుకు సిగ్గు వేసింది.

"పోలీసులకు జెప్పమంటవా? చెప్తే మీ అన్నను అనుమానవడుతరు. చెప్పకపోతే నాకు అన్నం దిగుతలేదు" అంది ఆపా.

నేను ముద్ద మింగి నీళ్ళు తాగాను.

"మీ వదిన నాతోని ఏం అనలే. నీతోని అనే ఉంటది."

"ఏమీ అనలేదు."

"ఒక్క ఇంట్ల ఉండుకుంట?"

"నేను చదువుకుంటున్నాను ఆపా."

"ఆ పుస్తకాలల్ల ఏమున్నదో గాని" అని గిన్నె తీసుకుని లేచింది.


15 అక్టోబరు

నా గదిలో ఏసీ పాతది. అది నడుస్తుంటే కారు వచ్చినా వినపడదు. నాకేమీ వినపడలేదు.


16 అక్టోబరు

ఏసీ ఆపి చూశాను. గేటు చప్పుడు వినపడుతుంది. ఏసీ పెట్టి చూశాను. కొంచెం వినపడుతుంది.


18 అక్టోబరు, శుక్రవారం

నమాజు అయ్యాక ఫరీద్ భాయ్, ఇసుక దారికి అన్నయ్య కరోలా పనికిరాదని తన యజమాని బండి అడిగి తెచ్చాడు. ఉమ్ సలాల్‌లో ఒక తోటలో పనిచేసే దస్తగిరి, ఎర్రచీర కట్టుకున్న ఆడమనిషిని, చంకలో పాపని చూశానన్నాడట. అన్నయ్య ముందు కూర్చున్నాడు. ఆపా, నేను వెనక.

దస్తగిరిది రాయచోటి వైపు. తలకి తుండు చుట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆ పక్క తోట గోడ కాడ నిలబడుకోని ఉండె సార్. పాప ఏడుస్తాంటే తెలుగులో సముదాయిస్తాండె. 'ఏడవద్దమ్మా, అయిపోయెలే' అనె. దగ్గరికి పోదామనుకుంటి. ఆడోళ్ళ కాడికి పోతే ఈ దేశంలో ఏమైతాదో అని బయపడితి."

"ఏ రోజు?" అన్నయ్య అడిగాడు.

"బుధవారమో, బేస్తవారమో. మాకు శుక్రవారం ఒగటే తెలుస్తాది సార్."

పక్క తోట తలుపు తట్టాం. అందులోంచి ఒకామె ఎర్రచీర కట్టుకుని వచ్చింది, చంకలో వాళ్ళ షేకుగారి మనవరాలు. పేరు హనుమక్క, ఊరు పులివెందుల దగ్గర. విషయం విని మొదట నవ్వింది. "నన్నేనా మీరు ఎతికేది? నేను యాడికీ పోల్యా, పోనిస్తే కదా." తర్వాత అన్నయ్య మొహం చూసి నవ్వడం మానేసింది.

"ఈవిడనే చూసి ఉంటాడు. పదండి" అన్నాడు అన్నయ్య.

దస్తగిరి తల అడ్డంగా ఊపాడు. "ఈ అక్కను నేను దినామూ చూస్తాంటా సార్. నేను చూసింది ఈ అక్కను కాదు." మళ్ళీ ఆవిణ్ణి చూసి, "ఈ అక్కనేమో మల్ల. దూరంగా ఉండె" అన్నాడు.

అప్పటికే అన్నయ్య బండిలో కూర్చుని ఉన్నాడు. తిరిగి వస్తుంటే దారి పొడవునా కిటికీ అద్దం దించుతూ, ఎక్కిస్తూనే ఉన్నాడు. ఆశ పోయినందుకా? నాకు తెలియదు. అన్నయ్య నన్ను సైకిల్ మీద స్కూలుకి దింపేవాడు. నేను పడిపోతే తనే ఏడ్చేవాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి.


20 అక్టోబరు, ఆదివారం

పోలీసులనుంచి జవాబు వచ్చింది. ఆ పేరుతో ఎవరూ దేశం దాటలేదు. విమానంలోనూ లేదు, సల్వా సరిహద్దు మీదుగా సౌదీ దారిలోనూ లేదు.

"చూశావా, ఇక్కడే ఉంది" అన్నాడు అన్నయ్య.

ఆ మాట ఎలా అన్నాడో ఇప్పుడు రాద్దామంటే గొంతు గుర్తురావడం లేదు. తర్వాత అమ్ము గౌనులన్నీ తీసి, ఉతికినవే మళ్ళీ ఉతికి ఆరేశాడు. అన్నయ్య బట్టలు ఉతకడం నేనెప్పుడూ చూడలేదు.


23 అక్టోబరు, బుధవారం

దసరా వెళ్ళిపోయిందట. ఆపా చెప్తే తెలిసింది.

ఇవాళ పప్పు పారబోశాను. ఇన్నాళ్ళూ ఫ్రిజ్‌లోనే ఉంచాను. దానికేమీ కారణం లేదు, ఊరికే ఉంచాను. గిన్నె తోముతుంటే అంచు కింద చుక్కలు చేతికి తగిలాయి. పేరు. చుక్కలు చుక్కలుగా చెక్కించారు: గుండిమెడ భానుమతి, 12-2-91.

పెళ్ళి మే నెలలో. సామాను ఫిబ్రవరిలోనే కొనేశారన్నమాట. అప్పటికి వదిన ఇంకా గుండిమెడ వాళ్ళ అమ్మాయే.

చెయ్యి తుడుచుకుని, గిన్నెని కిటికీ వెలుతురులోకి పట్టి మళ్ళీ చదివాను.

వదిన పాస్‌పోర్టు కూడా పెళ్ళికి ముందుదే. అన్నయ్య అప్పటికే ఇక్కడ ఉన్నాడు. పెళ్ళవగానే వీసా పంపాలి, ఆలస్యం కాకూడదని పుట్టింటివాళ్ళు ముందే చేయించారు. నేను వచ్చిన కొత్తలో వదిన ఒకసారి తీసి చూపించింది కూడా. "చూడు, ఇందులో నేనింకా మా నాన్న కూతుర్నే" అని నవ్వింది.

నేను ఫిర్యాదులో చెరుకుమిల్లి భానుమతి అని రాశాను. మా ఇంటిపేరు. పెళ్ళయ్యాక ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, శుభలేఖల మీద అలాగే వేస్తారు, అలాగే రాసేశాను. పోలీసులు ఆ పేరుని వెతికారు. ఆ పేరుతో ఏ పాస్‌పోర్టూ లేదు. లేని మనిషి దేశం దాటలేదని చెప్పారు.

అన్నయ్య మూడుసార్లు చదివాడు. కామా తీసేయించాడు.

అన్నయ్యకీ తోచలేదా? తోచకపోవచ్చు. అతనికి వదిన ఎప్పుడూ చెరుకుమిల్లి భానుమతే. నాకు తోచలేదుగా. లేక తోచిందా? తోచి ఊరుకున్నాడా? ఎందుకు ఊరుకుంటాడు? వదిన వెళ్ళిపోయిందని తేలితే పరువు పోతుందనా? వెళ్ళలేదని అతనికి ముందే తెలిసా?

ఇప్పుడు పేరు సరిచేసి ఇస్తే వదిన ఏ విమానం ఎక్కిందో తేలుతుంది. అన్నయ్య వెళ్ళి పట్టుకుంటాడు. వదిన దాక్కోవాలని వెళ్ళి ఉంటే, చోటు చూపించినదాన్ని నేనవుతాను. సరిచేయకపోతే, వదినకేమైనా జరిగి ఉంటే, ఎవరూ వెతకరు. లేని మనిషినే వెతుకుతూ ఉంటారు.

అబద్ధం చెప్పకూడదని కాన్వెంటులో సిస్టర్లు పదేళ్ళు చెప్పారు. అడగనిది చెప్పకపోతే ఏమవుతుందో చెప్పలేదు.


24 అక్టోబరు

సరైన పేరుతో ఫిర్యాదు మళ్ళీ రాశాను. చింపేశాను. కాగితాలు అన్నయ్యవి, లెక్క తెలుస్తుందేమో.


27 అక్టోబరు, ఆదివారం

ఆపా వాళ్ళింటికి ఫోన్ వచ్చింది. వదిన నాన్నగారు. నాతోనే మాట్లాడతానన్నారట.

"అమ్మా తన్మయీ, మీ అన్నయ్య పక్కన ఉన్నాడా?"

"లేడు మావయ్యగారూ, డ్యూటీలో ఉన్నాడు."

"చంటిపిల్ల ఆరోజు ఏం తిందమ్మా?"

పాలు తాగిందన్నాను. అటువైపు ఎవరో ఏడుస్తున్నారు, అత్తయ్యగారు కావచ్చు. లేక వదినేమో అనిపించింది. ఏడుపులో గొంతు పోల్చలేం.

"మావయ్యగారూ, వదిన అక్కడికి వచ్చిందా?"

లైన్లో గర్‌ర్ మని చప్పుడు. తర్వాత ఆయన, "వస్తే నీకు చెప్తానా తల్లీ" అన్నారు. ఇంకాసేపటికి, "రాలేదు. నీ మీద ఒట్టు, రాలేదు" అన్నారు.

రెండు మాటల్లో ఏది నమ్మాలి? ఫోన్ పెట్టేశాక ఆపా అడిగితే, లైన్ బాగాలేదని చెప్పాను.


29 అక్టోబరు, మంగళవారం

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగాను. రెండు రోజులుగా అద్దం ముందు అనుకుని అనుకుని అడిగాను.

"అన్నయ్యా, వదిన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏముంటుంది?"

"మనదే. ఇంకేముంటుంది?"

పెరుగు వేసుకున్నాడు. కలుపుకున్నాడు. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

"ఎందుకూ?"

"ఊరికే."

"నువ్వు రాసింది నేను చూశాను కదా. బాగానే ఉంది. నువ్వు అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు తనూ. నీ వీసా ఏడో తారీఖుతో అయిపోతుంది. అమ్మ కంగారు పడుతోంది. వెళ్ళి హాయిగా చదువుకో."

చెయ్యి కడుక్కుని, పడుకోకుండానే డ్యూటీకి వెళ్ళిపోయాడు. రెండూ పావుకే. మూడున్నరకి కదా డ్యూటీ.


1 నవంబరు, శుక్రవారం

చిన్న కాగితం మీద ఇంగ్లీషులో ఆ పేరు రాసి ఆపా చేతిలో పెట్టాను. గుండిమెడ భానుమతి, ఒక ఆడపిల్లతో. అక్టోబరు తొమ్మిదో తారీఖూ, ఆ తర్వాత రోజులూ చూడమని. ఫరీద్ భాయ్ యజమాని తమ్ముడు పోలీసుల్లో పనిచేస్తాడు.

"జవాబు నాకే చెప్పాలి ఆపా. అన్నయ్యకి వద్దు."

ఆపా కాగితం చూసి, నన్ను చూసింది. "ఒగవేళ పోయినట్టు దేలితే?"

"అప్పుడు ఎవరికీ చెప్పకూడదు."

"పోలేదని దేలితే?"

ఆపా కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. "నీకు మాటలు రావనుకున్న. గిన్ని మాటలు ఏడ దాస్తవే నువ్వు" అంది.


3 నవంబరు

వెళ్ళిపోయి ఉండాలి. బొంబాయి విమానంలో కిటికీ పక్క సీటు. అమ్ము చెవులు మూసుకుని ఉంటుంది.


4 నవంబరు

పాస్‌పోర్టు బీరువాలో లేదు కదా. లేదంటే తీసుకెళ్ళిందనే. ఎవరైనా తీసి ఉంటే తప్ప.


5 నవంబరు, మంగళవారం

ఆపా వచ్చింది. గిన్నె లేకుండా వచ్చింది. చూడగానే తెలిసింది.

"రెండు పేర్లూ జూసిండ్రట బిడ్డా. ఏ పేరుతోని పోలే."

కూర్చోమనడం మరచిపోయాను. ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం. దాటనప్పుడు ఈ దేశంలోనే ఉండాలి. ఈ చివరనుంచి ఆ చివరకి రెండు గంటల్లో వెళ్ళిపోవచ్చు అంటాడు ఫరీద్ భాయ్. ఎవరింట్లో ఉంటుంది? ఎవరు తెలుసు వదినకి? మేమే తెలుసు.

"ఆ కరోలా మాట నేను పోలీసులకు జెప్పిన. నిన్న. మా ఆయనను గూడ అడగలే, నేనే జెప్పిన" అంది ఆపా.

"ఏమన్నారు?"

"నంబరు అడిగిండ్రు."


6 నవంబరు, బుధవారం

నేను వెళ్ళేలోపు నా వాంగ్మూలం కావాలన్నారు. అన్నయ్య, ఫరీద్ భాయ్, నేను వెళ్ళాం. సూడాన్ ఆఫీసరు, మెల్లగా మాట్లాడతాడు. నాకు ముందు టీ ఇప్పించాడు. ఆయన అరబ్బీలో అడుగుతుంటే ఫరీద్ భాయ్ తెలుగులో చెప్పాడు.

మొదట నేనే చెప్పాను. పేరు తప్పు రాశానని, పాస్‌పోర్టులో గుండిమెడ అని ఉంటుందని. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అన్నయ్య వైపు చూడలేదు.

"అవును, అదే ఉంటుంది. నాకు తోచనే లేదు" అన్నాడు అన్నయ్య. మామూలుగా అన్నాడు. చెమట పట్టలేదు, మాట తడబడలేదు. నిజం చెప్పేవాళ్ళు అలాగే అంటారు. ఆలోచించి పెట్టుకున్నవాళ్ళూ అలాగే అంటారు.

బుధవారం ఉదయం ఇంటికి కారు ఏదైనా వచ్చిందా అని అడిగారు. ఏసీ చప్పుడులో తెలియలేదన్నాను.

మంగళవారం ఏమైనా గొడవ జరిగిందా అని అడిగారు. ప్లేటు పగిలిందని చెప్పాను. "చేతిలోంచి జారింది" అన్నాడు అన్నయ్య. ఎవరి చేతిలోంచి అని ఆఫీసరు అడగలేదు. ఫరీద్ భాయ్ ఆ మాట అరబ్బీలోకి మార్చాడో లేదో కూడా నాకు తెలియదు.

చివరికి ఫరీద్ భాయ్ నా వైపు తిరిగాడు. "పోయే ముందట మీతోని ఏమన్న జెప్పిందా అని అడుగుతున్నరు."

"లేదు" అన్నాను.

ఆఫీసరు కుడినుంచి ఎడమకి రాసుకుంటూ పోయాడు. పేజీ నిండాక తిప్పి నా ముందు పెట్టాడు. నేను చదవలేని రాత కింద నా సంతకం పెట్టాను. సిస్టర్లు మెచ్చుకునే దస్తూరీ.

బయటికి వచ్చాక అన్నయ్య నాకు మంచినీళ్ళ సీసా కొనిచ్చాడు. మూత కూడా తనే తీసిచ్చాడు.

రేపు పదకొండున్నరకి విమానం. పెట్టె సర్దేశాను. అన్నయ్య దగ్గరున్న నా పాస్‌పోర్టు అడగకుండానే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ బుధవారం పదీ పావుకి వదిన నా గది తలుపు తీసింది. చంకలో అమ్ము ఉంది. "నువ్వూ వస్తావా?" అంది. ఎక్కడికని నేను అడగలేదు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా, నువ్వు వెళ్ళిరా వదినా అన్నాను.